గాజుతొట్టిలోని నీరు

తేటగా కనిపించు నీరంతయు మంచినీరే యని తలంచుట మనలో ననేకులకు అలవాటు. కుండలో నలుసు కనబడనిచో సందేహింపక త్రాగుదుము. బావినీరు అద్దమువలె నున్నచో మెచ్చుకొందుము. కాని నీటియందు కంటికి కనబడని దోషము, కనబడు దోషముకంటె ఎక్కువ అపాయకరము కావచ్చును. ఈ సంగతిని మా విద్యార్థులు గత సంవత్సరము బంగారుచేపల మూలమున నేర్చుకొనిరి. ఇండ్లలో అట్టి తొట్టిని ఉంచుకొనదలచిన తలిదండ్రులకు ఉపయోగపడునని తలంచి ఆ వృత్తాంతమును ఇచట వ్రాయుచున్నాము.

మా కొత్తూరు హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజమార్గముపై, శంషాబాదునకు దక్షిణమున నున్నది. 2008లో శంషాబాదునందు విమానాశ్రయము తెరువబడిన పిమ్మట ఈ ప్రాంతపు రూపము చాల మారినది. చేలు ఉన్నచోట ఇండ్లు లేచినవి. ఇండ్లతోపాటు క్రొత్త వేడుకలును వచ్చినవి. ముందరిగదిలో గాజుతొట్టి నుంచి చేపలను పెంచుట వానిలో నొకటి. బంగారుచేప చీనాదేశమునుండి వచ్చినది. సుమారు వేయి సంవత్సరముల క్రిందట అచటివారు దానిని కొలనులలో పెంచుచుండిరి. గాజుతొట్లలో జలచరములను ప్రజలకు చూపు శాల మొట్టమొదట లండను జంతుప్రదర్శనశాలయందు 1853లో తెరువబడెను. చక్కగా చూచుకొన్నచో బంగారుచేప పది సంవత్సరములకు మించి బ్రతుకగలదు. అయినను మన ఇండ్లలో అది తరచుగా పది దినములైనను బ్రతుకదు. కారణమేమి?

ఈ ప్రశ్ననే గత వర్షకాలమున ఒక వృద్ధురాలు మమ్ము అడిగెను. ఆమె మనుమరాలు మా ఏడవ తరగతి బాలిక; మూడు దినములనుండి బడికి వచ్చుట లేదు. పుట్టినదినమునకు తండ్రి చిన్న తొట్టిని, ఆరు చేపలను కొని తెచ్చెనట. రెండు వారములు తిరుగకమునుపే ఆరును చచ్చినవి. "నీవే మేత ఎక్కువ వేసి చంపితివి" అని అన్న నిందింపగా, ఆ పిల్ల అన్నము మాని ఏడ్చుచుండెను. వృద్ధురాలు మాతో, "సారూ, నీళ్లు తేటగనే ఉండె. దినాం తొట్టి కడిగి కొత్త నీళ్లు పోసినం. గట్లయినా ఎందుకు సచ్చిపోయినయి? పిల్లకు జర నచ్చజెప్పుండ్రి" అనెను.

నచ్చజెప్పుటకు ఓదార్పు మాటలు చాలవని మాకు తోచెను. కారణము తెలిసిననే గాని ఆ బాలిక మనస్సు కుదుటబడదు. కావున ఆ దినమున తరగతికంతటికిని ఈ క్రింది విషయమును బోధించితిమి.

చేప తన మొప్పలద్వారా అమ్మోనియా యను విషపదార్థమును నీటిలోనికి విడుచును. మిగిలిపోయిన మేతయు మలమును కుళ్లి దానిని ఇంకను పెంచును. స్వల్పముగా కరగియున్న అమ్మోనియాకు రంగు లేదు. వాసనయు మనకు తెలియదు. అందుచేతనే తేటనీటిలో చేప చచ్చును. నీటి వేడిమియు క్షారగుణమును హెచ్చినకొలది ఆ విషము తీవ్రమగును. ఇట్లయినచో చెరువులలో చేపలెట్లు బ్రతుకుచున్నవని మీరడుగవచ్చును. చెరువునందు నీరు విస్తారము. అంతేగాక అమ్మోనియాను తిని బ్రతుకు సూక్ష్మజీవులు అచట రాళ్లకును బురదకును అంటుకొని యుండును. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు మాత్రము మితముగా నున్నంతవరకు చేపకు పెద్ద హాని చేయదు, మొక్కలకు ఆహారమగును. ఈ సూక్ష్మజీవులను రష్యా దేశీయుడైన వినోగ్రాడ్‌స్కీ యను శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతమున వేరుపరచి చూపెను. మన పొలములలో పెంటయెరువు పైరులకు పనికివచ్చుటయు వీని సేవవలననే.

క్రొత్తతొట్టిలో ఈ సేవకులు లేరు. వారు తగినంతగా వృద్ధిపొందుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. ఆ లోపల చేపలను వేసినచో అవి తమ విషములో తామే మునుగును. మరియు దినదినము తొట్టిని కడిగినచో ఉన్న కొలదిపాటి సూక్ష్మజీవులును పోవును. శుద్ధి చేయబడిన కుళాయినీటిలోని క్లోరిను మొప్పలను కాల్చును. ఇంతయు విని ఆ బాలిక, "అయితే మేత ఒక్కటే కారణము కాదు గదా" అని మెల్లగా అడిగెను. కాదని చెప్పితిమి. ఆ ఇంటిలో ఎవ్వరును చేపలకు కీడు తలంపలేదు. శుభ్రతయే మేలని నమ్మి కడిగిరి.

కొలదిదినములకు ఒక విద్యార్థి తండ్రి నూటయేబది లీటర్లు పట్టు గాజుతొట్టిని పాఠశాలకు దానము చేసెను. దాని లెక్కపుస్తకమును వ్రాయు పనిని ఆ బాలికకే అప్పగించితిమి. అడుగున కడిగిన గులకరాళ్లు పరచి, గాలిని పంపు యంత్రమునకు తగిలించిన స్పాంజి జల్లెడను అమర్చి, చేపలు లేకుండ దినమునకు చిటికెడు మేతను మాత్రము వేయించితిమి. అది కుళ్లి అమ్మోనియాను పుట్టించును. దానిని తిని సూక్ష్మజీవులు పెరుగును. వారమునకు రెండుసార్లు పరీక్షద్రవములతో నీటిని పరీక్షించిరి. మొదట అమ్మోనియా పరీక్ష పసుపునుండి ఆకుపచ్చకు తిరిగెను. తరువాత నైట్రైటు పరీక్ష నీలమునుండి ఊదారంగునకు తిరిగెను. నీరు ఒకప్పుడు పాలవలె మసకబారి, తనంతట తానే తేరెను.

మూడవ వారమున చిక్కు వచ్చెను. పాఠశాల వార్షికోత్సవము దగ్గరపడెను. ఉత్త నీటితొట్టిని చూచి పై తరగతి బాలురు నవ్వుచుండిరి. తలిదండ్రులు వచ్చు ఒక్క దినమునకైనను చేపలను వేయింపుడని ఉపాధ్యాయులలో కొందరును కోరిరి. మేము ఆ బాలికను పిలిచి లెక్కపుస్తకమును చూపుమంటిమి. ఆమె వారి యెదుట పుట తెరచి, "అమ్మోనియా తగ్గినది, నైట్రైటు ఇంకను ఊదారంగుననే యున్నది. ఇప్పుడు వేసినచో పండుగకు బ్రతికి, పండుగ మరునాడు చచ్చును" అనెను. ఎవ్వరును మారు పలుకలేదు. వార్షికోత్సవమున తలిదండ్రులు చేపలు లేని తొట్టినే చూచిరి. దాని ప్రక్కన ఆమె వ్రాసిన పట్టికను చదివిరి. ఆరవ వారమున రెండు పరీక్షలును వరుసగా దోషము లేదని తెల్పినవి. అప్పుడు రెండు చేపలను వేసితిమి. అవి నేటికిని సుఖముగా నున్నవి.

ఇంటివద్ద తొట్టి నుంచువారికి కొన్ని సూచనలు. గుండ్రని చిన్నగిన్నె బంగారుచేపకు తగదు; మొదటి చేపకు సుమారు డెబ్బదియైదు లీటర్లు, ఆపై ప్రతి చేపకును నలుబది లీటర్లు ఉండవలెను. వారమునకొకసారి నాల్గవవంతు నీటిని మాత్రమే మార్చవలెను; అంతయు పారబోయరాదు. కుళాయినీటికి క్లోరిన్ విరుగుడు మందు కలుపవలెను. బోరునీటిలో క్లోరిను లేకపోయినను ప్రాణవాయువు తక్కువగా నుండును. దానిని ఒక పూట గాలి తగులనిచ్చి పోయవలెను. క్రొత్తనీటి వేడిమి తొట్టినీటితో సరిపోవలెను. స్పాంజిని కుళాయిక్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. మేత రెండు నిమిషములలో తినునంత చాలును. మన వేసవియందు మరింత జాగ్రత్త అవసరము: ఇరువది డిగ్రీల వేడిమిగల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, ముప్పది డిగ్రీల నీరు సుమారు 7.5 మాత్రమే పట్టును. కరెంటు పోయి యంత్రము ఆగినప్పుడు చెంబుతో నీటిని ముంచి పైనుండి పోయుచుండవలెను. చేపలను పెంచలేకున్నచో చెరువులో విడువరాదు. అవి అచటి చేపల మేతను హరించును. పెంచగలవారికి ఇచ్చివేయవలెను.

గాజుతొట్టికి గల నియమమే పెద్దనీటికిని గలదు. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, వరదను ఆపుటకును నగరమునకు త్రాగునీరిచ్చుటకును ఉస్మాన్ సాగరము 1920లోను, మనకు దాపుననున్న హిమాయత్ సాగరము 1927లోను కట్టబడినవి. ఎంత గొప్ప జలాశయమునకైనను మాలిన్యమును మార్చుకొను శక్తికి మితము గలదు. దానిని మించి మురుగు చేరినచో అదియు క్రొత్తతొట్టి వంటిదే యగును. మరియు మన త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణము. పెంటకుప్పల చెంతను మరుగుగుంటల చెంతను గల బావులలో అది మించవచ్చును. అట్టి నీటితో పాలు కలిపి పట్టినచో, పసిబిడ్డల కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తము ప్రాణవాయువును మోయలేక శరీరము నీలివర్ణమగును. చేపను చంపిన నైట్రైటు పనిచేయు విధము ఇదియే. నీటిని కాచినచో నైట్రేటు పోదు, చిక్కబడును.

ఈ సంగతి విన్నప్పటినుండి మా ఏడవ తరగతివారు తొట్టినుండి తీసిన నీటిని ఆవరణలోని కరివేపచెట్టునకు పోయుచున్నారు. తమ తమ ఇండ్లలో బావికిని పెంటకుప్పకును ఎన్ని అడుగుల దూరమున్నదో కొలిచి పట్టిక వ్రాయుచున్నారు. తలిదండ్రులారా, మీ బిడ్డలు కొలబద్ద పట్టుకొని పెరటిలోనికి వచ్చినప్పుడు వారిని విసుగుకొనక, ఆ కొలతను మీరును చూడుడు.