సోఫా ఖరీదు

ఆ సోఫా అయిదడుగులు కూడా ఉండదు. ముదురాకుపచ్చ రెగ్జిన్, ఒక మూల చిరిగి స్పాంజి బయటికొచ్చింది. అక్క దాని మీద ఏడు రాత్రులు ముడుచుకుని పడుకుంది. తర్వాత లెక్క చూసుకుంటే అది మాకు 79,500 రూపాయలు పడింది.

నిరుడు మాఘంలో అమ్మ తెనాలిలో బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పడుతూ ఊనుకున్న కుడి మణికట్టూ విరిగింది. రాత్రి పదకొండింటికి విజయవాడలో ఒక ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడ్డాం. "షేరింగా, సింగిలా సార్?" అన్నాడు కుర్రాడు. షేరింగ్ రోజుకు 4,500, సింగిల్ 8,000. సింగిల్లో అటెండెంట్‌కి సోఫా ఉంటుందట, షేరింగ్‌లో స్టూలే. పక్కన అక్క అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. "సింగిల్ రాయండి" అన్నాను. అయిదు లక్షల పాలసీ ఉందిగా అన్న ధీమా.

ఆ పాలసీలోనే ఉంది, గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 1 శాతమే అని. అంటే 5,000. పైన మూడు వేలు మనం పెట్టుకుంటే తీరిపోతుందనుకున్నాను. అసలు కోత అక్కడ కాదు. పరిమితి దాటిన గదిలో చేరితే సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, నర్సింగ్, అన్నీ అదే నిష్పత్తిలో తగ్గించేస్తారు. మా విషయంలో ఎనిమిది రూపాయలకు అయిదు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలను ఈ కోతలో కలపకూడదని, ఐసీయూకి ఇది వర్తించదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో చెప్పింది కాబట్టి కొంత బతికిపోయాం.

బిల్లు 3,86,000 అయింది. అందులో మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 1,60,000. అది పూర్తిగా ఇచ్చారు. గది 56,000కు 35,000 ఇచ్చారు. డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,56,000కు 97,500. గ్లవ్స్, డైపర్లు, అడ్మిషన్ కిట్ లాంటి వాటి 14,000 ఎలాగూ రాదు. వెరసి మా జేబులోంచి 93,500. షేరింగ్‌లో ఉండుంటే ఆ 14,000తో బయటపడేవాళ్లం. గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది, ఆ తేడా నేను లెక్కలో వేయనే లేదు.

అక్కకి చెబితే తలకొట్టుకుంది. "నేను కింద చాపేసుకునేదాన్ని కదరా!"

చేరిన రాత్రే డిపాజిట్ లక్ష కట్టమన్నారు. అమ్మ పేరున బ్యాంకులో నాలుగు లక్షల ఎఫ్‌డీ ఉంది, నామినీని నేనే. కానీ మనిషి బతికుండగా నామినీకి ఏ హక్కూ లేదు. సంతకం పెట్టాల్సిన చెయ్యేమో కట్టులో ఉంది. ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయితే, వేలిముద్రతోనూ ఇస్తారు. అర్ధరాత్రి ఆ అధికారిని ఎక్కడ పట్టుకొస్తాం? క్రెడిట్ కార్డు మీద 30,000 గీకి, పొద్దున్నే మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి మిగతాది కట్టాను. నాలుగు లక్షలు పెట్టుకుని 70,000కు వడ్డీ కట్టడం అప్పుడే చూశాను.

ఇప్పుడు ఆ డబ్బులో లక్షన్నర అమ్మా నేనూ ఎవరు సంతకం పెట్టినా చెల్లే జాయింట్ సేవింగ్స్ ఖాతాలో ఉంటోంది. జాయింట్ ఎఫ్‌డీ చేయొచ్చు కదా అన్నాడు అన్నయ్య. గడువుకు ముందే తీయాలంటే, ముందుగా రాసిస్తే తప్ప, ఇద్దరి సంతకాలూ అడుగుతారు. వడ్డీ తక్కువైతే కానీండి.

ఆసుపత్రిలో అటెండెంట్ పనంటే పక్కన కూర్చోవడమే అనుకునేవాణ్ణి. అక్క ఒక పాత నోట్‌బుక్ తెచ్చి ఫార్మసీ నుంచి వచ్చిన ప్రతి సూదీ, ప్రతి సెలైన్ బాటిలూ రాసుకుంది. డిశ్చార్జ్ ముందురోజు ట్రేలో మిగిలిన మందులు లెక్కపెట్టి వెనక్కిస్తే 6,340 తగ్గింది. పదో తరగతి చదువు ఆమెది. నేను కామర్స్ గ్రాడ్యుయేట్‌ని.

డిశ్చార్జ్ రోజు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉదయం పదింటికి డాక్టర్ వెళ్లొచ్చన్నారు, రాత్రి ఎనిమిదికి బయటపడ్డాం. బీమా కంపెనీ మూడు గంటల్లో తేల్చాలని 2024 నుంచి నిబంధన ఉంది. ఆ గడియారం ఆసుపత్రి కాగితాలు పంపాకే తిరుగుతుంది. మా ఆసుపత్రి సాయంత్రం అయిదింటికి పంపింది.

ఇంటికొచ్చాక ఖర్చు ఆగదు. మంచం, వాకర్, కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చాం. డాక్టర్ రాసిన చీటీ ఉంది కాబట్టి డిశ్చార్జ్ తర్వాత అరవై రోజుల్లోపు ఫిజియోథెరపీ బిల్లులు పాలసీలో వచ్చాయి. చూసుకునే మనిషి జీతం మాత్రం రాదు. ఏజెన్సీ పగటి మనిషికి నెలకు 20,000 చెప్పింది. "బయటి మనిషెందుకు, నేను లేనా?" అంది అక్క. నేనూ అన్నయ్యా హమ్మయ్య అనుకున్నాం, అబద్ధమెందుకు.

ఆ 93,500 మేమిద్దరం చెరి 46,750 పంచుకున్నాం. ఆడపిల్ల, ఆమెకెందుకు ఖర్చు అని చాలా ఉదారంగా అనుకున్నాం. అమ్మ లేచి నడిచాక అక్కకి 3,200 పెట్టి చీర కొన్నాం.

అక్కకి తెనాలిలో చిన్న టైలరింగ్ షాపుంది. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్ల రోజులు, జాకెట్లు కుట్టడానికి చెయ్యి తీరని కాలం. నలభై రోజులు షట్టర్ వేసే ఉంది. రెండు పెళ్లిళ్ల బట్టలు అడ్వాన్సుతో సహా వెనక్కిచ్చేసింది. షాపు అద్దె 4,500 మాత్రం ఆగలేదు. ఇదంతా ఆమె చెప్పలేదు, రెన్యువల్ కాగితాల కోసం ఆ నోట్‌బుక్ తిరగేస్తుంటే వెనక పేజీలో కనిపించింది. రోజుకు వెయ్యి వేసుకున్నా నలభై వేలు. ఏ బిల్లులోనూ లేని, ఏ కంపెనీ ఇవ్వని నలభై వేలు.

రెన్యువల్‌లో గది అద్దె పరిమితి ఎత్తేసే రైడర్ తీసుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఆ మిగులు రైడర్‌కు సరిపోయింది. మీ పాలసీలో గది అద్దె గురించి ఏముందో ఆసుపత్రి కౌంటర్ దగ్గర కాదు, ఇంట్లో కూర్చుని చూసుకోండి.

అన్నయ్యకి ఆ పేజీ ఫొటో తీసి పంపాను. ఇద్దరం చెరి 22,500 అక్క ఖాతాలో వేశాం. ఫోన్ చేసి తిట్టింది, "మా అమ్మకి నేను కూలికి చేశానా?" అంది. డబ్బు మాత్రం వెనక్కి పంపలేదు. దాంతో ఓవర్‌లాక్ మిషన్ కొనుక్కుంది.