రంగు వేయని ఆకుపచ్చ

పరిశోధక విద్యార్థిని నా చేతిలో పెట్టిన గాజు పలక పచ్చగా నిగనిగలాడుతోంది. "ఇందులో రంగన్నది చుక్క కూడా కలపలేదండీ" అన్నారామె. హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో, పాలిమర్ పొరల ప్రయోగశాల అది.

జీరంగి పురుగు మెరుపూ ఇలాంటిదే. రెండు రకాల పలచని పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, ప్రతి సరిహద్దు దగ్గరా కొంత కాంతి వెనుదిరుగుతుంది. అలా వెనుదిరిగిన తరంగాలు ఏ రంగు దగ్గర ఒకదానికొకటి బలమిస్తాయో, ఆ రంగు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ రంగు తరంగదైర్ఘ్యాన్ని పొర వక్రీభవన గుణకానికి నాలుగు రెట్లతో భాగిస్తే పొర మందం వస్తుంది. ఆకుపచ్చకు 550 నానోమీటర్లు అనుకుందాం. ఈ పలకలో ఒక పొర యాక్రిలిక్. దాని గుణకం 1.49 కాబట్టి పొర 92 నానోమీటర్లుండాలి. తలవెంట్రుక మందంలో అది సుమారు వెయ్యో వంతు.

రెండో పొర పాలీవినైల్ ఆల్కహాల్. దాని గుణకం 1.5 చిల్లర, అంటే యాక్రిలిక్‌తో పెద్ద తేడా లేదు. తేడా లేకపోతే కాంతి వెనుదిరగదు. అందుకే 2.4 దాటిన గుణకమున్న టైటానియం డయాక్సైడ్ నానో రేణువులను అందులో కలుపుతారు. అసలు కష్టమంతా ఇక్కడే. రేణువులు ముద్దకడితే పొర మసకబారుతుంది. వేడి నీటిలో పాలిమర్‌ను కరిగించి, రేణువులు కలిపి, అల్ట్రాసోనిక్ తొట్టిలో ఉంచిన బీకరును ఆమె కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు. అడుగున తెల్లటి మడ్డి కనిపించింది. "ఇది పనికిరాదు" అని పక్కన పెట్టేశారు. ఆ నిక్కచ్చితనం నాకు నచ్చింది.

కొత్త ద్రావణం చుక్కలు గాజు మీద వేసి, స్పిన్ కోటర్‌ను నిమిషానికి 3000 చుట్లు తిప్పారు. ద్రవం అంచులకు చిమ్ముకుపోయింది. మిగిలిన పొర పలచబడుతుంటే రంగులు వరసగా మారి, ఒకచోట నిలిచిపోయాయి. వేగం నాలుగు రెట్లయితే మందం సుమారు సగమవుతుందట. వేడి పలక మీద ఆరాక, టోలుయిన్‌లో కరిగించిన యాక్రిలిక్ పోశారు. టోలుయిన్ కింది పొరను కరిగించదు, ఆపై పోసే నీటి ద్రావణం యాక్రిలిక్‌ను కరిగించదు. ఈ జోడీ కుదరబట్టే ఎన్ని పొరలైనా వేయగలుగుతున్నారు.

చివరికి స్పెక్ట్రోఫోటోమీటర్. పలకను దాటిన కాంతిని చూపే గీత 550 దగ్గర పడిపోవాలి, 570 దగ్గర పడింది. "పొరలు మందమయ్యాయి, రేపు వేగం పెంచాలి" అంటూ ఆమె నోటు పుస్తకంలో రాసుకున్నారు. పలకను ఏటవాలుగా తిప్పితే ఆ లోయ నీలం వైపు జరిగింది.

దీనికి ఖరీదైన వాక్యూమ్ యంత్రాలు అక్కర్లేదు. స్పిన్ కోటర్, వేడి పలక ఉంటే పొరలు వేయొచ్చు, కొలతలకు స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, చాలా పరిశోధన సంస్థలు తలుపులు తెరుస్తాయి. మీ పిల్లలను తీసుకెళ్లి ఇలాంటి పలకను వాళ్ల చేత్తో తిప్పి చూడనివ్వండి.