కనబడని నట్టు

1957వ సంవత్సరమున ఇంగ్లండులో లోటస్ సెవెన్ అను చిన్న కారు వెలువడినది. విడిభాగములను కొని, ఇంటియొద్దనే దానిని కూర్చుకొనుటకు అనేకులు ఉత్సాహపడిరి. అట్టివారికి వెనుక సస్పెన్షనును బిగించుట గొప్ప పరీక్ష. బాటపై ఎడతెగని కుదుపులకు సాధారణపు నట్టు మెల్లగా వదులగును. అది ఊడినచో చక్రము నిలుకడ తప్పును.

అందుచే నైలాను వలయము గల నట్టును వాడుదురు. ఆ వలయము బోల్టు మరలను బిగియబట్టును. విప్పిన కొలది దాని పట్టు సడలును గనుక, మరల బిగించునపుడు క్రొత్తదానిని వేయవలెను. మిక్కిలి వేడి తగులు చోట నైలాను మెత్తబడును. అచ్చట తలపై గండ్లు గల నట్టును బిగించి, బోల్టు రంధ్రమున పిన్నును దూర్చి, దాని కొనలను వంచుట క్షేమకరము.

కారు రంగును అందరును మెచ్చుకొందురు. నట్టును చూచువారు లేరు. అయినను, ఎక్కినవారి ప్రాణములు దానినే నమ్ముకొని యుండును.