పిల్లల కోసం వెళ్తే నిద్ర గురించి అడిగారు

మా ఇంటి కిటికీ తెరిస్తే రైలు పట్టాలు. రాత్రీ పగలూ తేడా లేకుండా కోర్బా వైపు నుంచి బొగ్గు గూడ్సులు గతౌరా మీదుగా బిలాస్‌పూర్‌కు పోతూనే ఉంటాయి. అలాంటి బళ్లు నడిపే లోకో పైలట్ మా ఆయన. వాళ్ల తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైల్వేను నమ్ముకుని వచ్చిన ఇలాంటి తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ. 'పిల్లలెందరు?' అన్న ప్రశ్న మాత్రం నాకు మూడు భాషల్లోనూ ఎదురయ్యేది.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చింది 2014లో. ఆ ఏడాది నవంబర్‌లో బిలాస్‌పూర్ పేరు ప్రపంచమంతా మార్మోగింది. ఘనకార్యానికి కాదు. జిల్లాలో ఏర్పాటైన శిబిరంలో కొద్ది గంటల్లోనే 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత పది మందికి పైగా చనిపోయారు. చంటిబిడ్డల్ని ఎత్తుకుని ఆస్పత్రుల ముందు నిలబడ్డ తండ్రుల ఫొటోలు ఇప్పటికీ కళ్లముందు కదులుతాయి. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్లలు వద్దనుకుని వెళ్లిన ఆ ఆడవాళ్లకూ, పిల్లలు కావాలని తిరిగిన నాకూ పోలికేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం తోచలేదు.

పెళ్లయిన మూడేళ్ల వరకూ మొక్కులతోనే సరిపోయింది. రతన్‌పూర్ మహామాయ గుడి మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. నాలుగో ఏట ఒక నగరంలోని సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాం. పేరు అనవసరం. అద్దాల తలుపులు, గోడల నిండా బోసినవ్వుల పాపాయిల ఫొటోలు. మా వంతు వచ్చాక డాక్టర్‌తో గడిపింది నాలుగు నిమిషాలు. భర్త వీర్యకణాలను శుద్ధిచేసి గర్భాశయంలోకి పంపే ఐయూఐ చికిత్స మూడుసార్లు చేశారు. మూడుసార్లూ విఫలమైంది. ప్రతిసారీ ఇంటికొచ్చి నేనే ఏదో తప్పు చేశానని మంచం దిగకుండా పడుకునేదాన్ని. 'నీ ఒంట్లో వేడి ఎక్కువ' అని అత్తయ్య, 'టెన్షన్ పెట్టుకోకు' అని కాంపౌండర్. టెన్షన్ ఎలా పెట్టుకోకుండా ఉండాలో చెప్పినవారు లేరు.

అసలు సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. మా ఆయన వీర్యకణాల్లో కదలిక బాగా తక్కువగా ఉందన్న రిపోర్టు మొదటి రోజు నుంచే ఫైల్లో ఉంది. ఎవరూ మాకు విప్పి చెప్పలేదు. నా ఫలోపియన్ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే పరీక్ష చేయనేలేదు. నాళాలు మూసుకుపోతే ఐయూఐ ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. మన దేశంలో ఆ నాళాలు దెబ్బతినడానికి క్షయ కూడా ఒక ముఖ్య కారణం. దగ్గు లేకుండానే గర్భాశయానికి, నాళాలకు సోకే క్షయ అది. ఇదంతా తెలియడానికి మాకు మూడేళ్లు, దాచుకున్న డబ్బు ఖర్చయ్యాయి.

దెబ్బతిన్నవాడికి పుల్ల కూడా ఆధారమే. ఈసారి 'సంపూర్ణ చికిత్స' అన్న బోర్డు చూసి ఇంకోచోటికి వెళ్లాం. మసక వెలుతురు, సన్నని వేణుగానం, అగరొత్తుల వాసన. గంటసేపు ఓపికగా మాట్లాడారు. నిజం చెప్పొద్దూ, ఆ గంటకే నాకు సగం బరువు దిగింది. మిగతా సగం బిల్లు చూశాక పెరిగింది. ఏమేం కలిపారో రాసిలేని చూర్ణాల పొట్లాలు, సూదులతో ఆక్యుపంక్చర్, మూడు నెలల ప్యాకేజీ. ఫలితం గ్యారంటీ అన్నారు. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉండే ప్రమాదముందని నర్సుగా పనిచేసే మా వదిన ఫోన్లో హెచ్చరించాకే నేను ఆ పొట్లాలు విప్పడం మానేశాను. ఆక్యుపంక్చర్ గురించి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. ఐవీఎఫ్‌తో పాటు నిజమైన ఆక్యుపంక్చర్ చేయించుకున్నవారికీ, ఉత్తుత్తి సూదులు పెట్టించుకున్నవారికీ బిడ్డలు పుట్టే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మొదటిచోట వైద్యం ఉంది, మనిషిని పట్టించుకోవడం లేదు. రెండోచోట మనిషిని పట్టించుకున్నారు, వైద్యం లేదు. రెండూ ఉన్న చోటు దొరుకుతుందా అన్నదే మా ప్రశ్న.

ఈలోగా చట్టం మారింది. సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం 2021లో వచ్చి, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రతి కేంద్రం రిజిస్టర్ చేసుకోవాలి. చికిత్సలో లాభనష్టాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, కవలల వంటి బహుళ గర్భాల ప్రమాదం, విజయావకాశాలు దంపతులకు ముందే చెప్పాలి. కౌన్సెలింగ్ ఇవ్వాలి. దత్తత అనే దారి కూడా ఉందని తెలియజేయాలి. ఫిర్యాదులు వినేందుకు విభాగం ఉండాలి. కౌన్సెలింగ్ ఆస్పత్రివాళ్ల దయ కాదని, మన హక్కని తెలిసిన రోజు నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

మా వదిన సాయంతో ఒక నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకున్నాను. రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారా? విజయాల శాతం అంటున్నారే, అది పరీక్షలో గర్భం తేలినవారి లెక్కా, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లినవారి లెక్కా? నా వయసువారిలో ఎంత? మందులు, స్కాన్లు, పిండాలను భద్రపరచడం అన్నీ కలిపి ఖర్చెంతో కాగితం మీద రాసిస్తారా? మిగిలిన పిండాలను ఏం చేయాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? నాతో మాట్లాడే కౌన్సెలర్ వేరే ఉన్నారా, లేక ప్యాకేజీలు అమ్మే అమ్మాయికే ఆ పేరు పెట్టారా?

ఈ చివరి ప్రశ్నకు ఒకచోట రిసెప్షనిస్టు తల దించుకుంది. ఇంకోచోట నూటికి 80 మందికి ఖాయమన్నారు. బ్రిటన్‌లో ఈ చికిత్సలన్నింటినీ పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ 2019 లెక్కల ప్రకారం 35 ఏళ్లలోపు మహిళల్లో కూడా గర్భాశయంలో ఉంచిన ఒక్కో పిండం బిడ్డగా పుట్టే అవకాశం దాదాపు మూడోవంతే. వయసు పెరిగేకొద్దీ అది ఇంకా పడిపోతుంది. 80 అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేశాం.

చివరికి 2023లో విశాఖలో ఒక కేంద్రాన్ని ఎంచుకున్నాం. కారణాల్లో గొప్ప గొప్పవేమీ లేవు. ఐవీఎఫ్‌లో అండాలు పెరిగేందుకు పది పన్నెండు రోజుల పాటు ఇంజెక్షన్లు, మధ్యమధ్య స్కాన్లు ఉంటాయి. ఊరుకాని ఊర్లో లాడ్జిలో ఉండి చేయించుకునే పని కాదది. విశాఖలో అమ్మ ఉంది. బిలాస్‌పూర్‌లో రైలెక్కితే మర్నాటికల్లా అక్కడుంటాం. పైగా నేను హిందీలో బేరమాడగలను, కొట్లాడగలను. ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది.

అక్కడి డాక్టర్ ముందు మా ఆయన్ని చూశారు. 'రాత్రిళ్లు ఎన్ని గంటలు నిద్రపోతారు?' అనడిగారు. పిల్లల కోసం వెళితే నిద్ర గురించి అడగడం మాకు వింతగా తోచింది. వారంలో ఎన్ని నైట్ డ్యూటీలు, రన్నింగ్ రూమ్‌లో ఏం తింటారు, గుట్కా ఎన్ని ప్యాకెట్లు అన్నీ రాసుకున్నారు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుందట. అందుకే గుట్కా మానేసి మూడు నెలలాగి రమ్మన్నారు. ఆ మూడు నెలలకు ఫీజేమీ తీసుకోలేదు.

తర్వాత నా వంతు. కౌన్సెలర్ నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి, పొగాకు ఏ రూపంలోనైనా వాడతానా అనడిగింది. తొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు అని ఒకటుంది. పొగాకు, బెల్లం కలిపిన ముద్ద. పొద్దున్నే పళ్లకు రాసుకుంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లేమీ తీసిపోరు. కొత్తగా వచ్చినప్పుడు పంటినొప్పికని పక్కింటావిడ ఇచ్చింది. నొప్పి పోయింది, అలవాటు మిగిలింది. పొగాకు అండాలకు కూడా చేటేనని విన్నప్పుడు నాకు ఏడుపాగలేదు. ఆమె నన్ను తిట్టలేదు. 'ఈరోజు తెలిసింది కదా, ఈరోజు నుంచి లెక్క పెడదాం' అంది. థైరాయిడ్ పరీక్ష, ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజూ నడక, బరువు ఆరు కిలోలు తగ్గడం... ఇవన్నీ ఆ తర్వాత. యోగా నేర్పారు, కానీ దానివల్ల గర్భం వస్తుందని చెప్పలేదు. నిద్ర పడుతుందని చెప్పారు. నిజంగానే పట్టింది.

ఇక్కడ కథ సుఖాంతం కావాలి. కాలేదు. మూడు పిండాలు తయారయ్యాయి. 2024లో మొదటిది ఉంచారు. పద్నాలుగో రోజు రక్తపరీక్షలో లేదని తేలింది. పాత కేంద్రంలో ఇలాంటి రోజున బిల్లు కౌంటర్ చూపించారు. ఇక్కడ డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టి ఏమై ఉండవచ్చో, ఏది చెప్పలేరో రెండూ చెప్పారు. మూడు రోజుల తర్వాత కౌన్సెలర్ గతౌరాకు ఫోన్ చేసింది. చికిత్స మాటే ఎత్తలేదు. 'అన్నం తింటున్నావా అమ్మా?' అంది. సమగ్ర సంరక్షణ అన్న పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం అంతే.

2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక కేంద్రం వార్త చదివి ఒళ్లు జలదరించింది. సరోగసీ ద్వారా పుట్టిన తమ బిడ్డే అనుకుని తీసుకెళ్లిన దంపతులకు డీఎన్ఏ పరీక్షలో ఆ పసివాడితో రక్తసంబంధమే లేదని తేలింది. నిర్వాహకురాలిని పోలీసులు అరెస్టు చేశారు. మోసపోయినవారిని అమాయకులనలేను. పిల్లల కోసం తపించే మనిషి ఎంత తేలిగ్గా నమ్ముతుందో నాకు తెలుసు. అప్పుడే 2014 నాటి ఆ శిబిరం గుర్తొచ్చింది. పిల్లలు వద్దని వెళ్లినా, కావాలని వెళ్లినా, మనిషిని వదిలేసి గర్భసంచిని మాత్రమే చూసే చోట జరిగేది ఇదే.

మా పిండాలు రెండు మైనస్ 196 డిగ్రీల చలిలో విశాఖలో ఉన్నాయి. చట్టం పదేళ్ల వరకూ దాచుకోనిస్తుంది. 1978 అక్టోబర్ 3న కోల్‌కతాలో పుట్టిన మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ దుర్గ కూడా అలా గడ్డకట్టించి దాచిన పిండమే. ఆ ఘనత సాధించిన డాక్టర్ సుభాష్ ముఖర్జీని ప్రభుత్వ కమిటీ నమ్మలేదు. ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. నమ్మకూడనివారిని నమ్మడం, నమ్మవలసినవారిని నమ్మకపోవడం రెండూ మనకు కొత్త కాదు.

వచ్చే నెల మళ్లీ విశాఖ వెళ్తున్నాం. ఏమవుతుందో తెలియదు. కాకపోతే దత్తత దరఖాస్తు ఎలా నింపాలో కూడా అడిగి తెలుసుకుని పెట్టుకున్నాం. మా ఆయన జేబులో ఇప్పుడు గుట్కా బదులు సోంపు పొట్లం ఉంటోంది. నా పెట్టెలో నోట్‌బుక్, రిపోర్టులు సర్దేశాను. గుడాఖు డబ్బా మాత్రం ఈసారి కూడా రాదు.