చూసి ఏం చేస్తాడంట?

డాక్టరు గారు రాసిచ్చిన చీటీ నా హ్యాండ్‌బ్యాగులో తొమ్మిది రోజులు ఉంది. పొద్దున్నే స్కూలుకు వెళుతూ చిల్లర కోసం చెయ్యి పెడితే ముందు అదే తగిలేది. దాని మీద ఉన్నది ఒక్కటే ముక్క. ‘ఎమ్మారై, రెండు మోకాళ్లు.’ కింద ఫలానా సెంటర్లో తీయించుకోమని రబ్బరు స్టాంపు.

ఫోన్ చేసి ధర కనుక్కున్నాను. ఒక మోకాలికి ఏడు వేలు. రెండూ ఒకేసారి తీయించుకుంటే వెయ్యి తగ్గించి 13,000 చేస్తారట. చీరల కొట్లో బేరంలా ఉందే అనుకున్నాను. నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నా జీతంలో అది సగం పైమాటే.

మోకాళ్లు మా అమ్మవి. అమ్మకు అరవై ఏడేళ్లు. తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక అన్నయ్య బెంగళూరు రమ్మన్నాడు, నేను గుంటూరు రమ్మన్నాను. ‘ఇల్లు పాడు పడుతుంది’ అని ఎక్కడికీ రాలేదు. పెరట్లో బెండ మొక్కలు, వంగ మొక్కలు, సాయంత్రమైతే అరుగు మీద నలుగురు ఆడవాళ్లు. అదీ ఆవిడ ప్రపంచం.

రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. పొద్దున లేవగానే కాళ్లు పట్టేస్తాయి, నాలుగడుగులు వేస్తే వదులుతాయి. ఏమ్మా అంటే ‘అదంతా చికున్‌గున్యా మహిమే’ అనేది. 2006లో ఆ జ్వరాలు వచ్చినప్పుడు మా వీధి వీధంతా నడుం వంచి నడిచింది నిజమే. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ నొప్పి వచ్చినా దాని మీదికే తోసేయడం అమ్మకు అలవాటైపోయింది.

నాకు భయం నొప్పి గురించి ఒక్కటే కాదు. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అన్నయ్య ఉండేది పదకొండో అంతస్తు, లిఫ్టు ఉంది కానీ అరుగు లేదు. అమ్మకు మోకాళ్లు పోవడమంటే ఊరు పోవడమే. అది నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. అందుకే నొప్పిని ఏడాది పాటు నా దగ్గర దాచింది.

అన్నయ్యకు చెబితే ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “ఖర్చుకు వెనకాడకు చెల్లాయ్. వెంటనే తీయించెయ్. సగం నేను ఫోన్‌పే చేస్తా” అన్నాడు. దూరాన ఉన్న కొడుక్కి తల్లి కోసం చేయగలిగింది అదొక్కటే కనిపిస్తుందేమో. వాణ్ని తప్పు పట్టను. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ప్రయత్నిద్దామా అని కూడా అనుకున్నాను. కానీ ఒకరోజు ఓపీ, మరోరోజు స్కానింగ్ వంతు, ఇంకోరోజు రిపోర్టు. ఆ మోకాళ్లతో అమ్మను అన్నిసార్లు బస్సులెక్కించడం ఎలా?

చివరికి ఆదివారానికి ఆ సెంటర్లోనే పేరు రాయించేశాను. శనివారం ఊరు వెళ్లి అమ్మకు చెప్పాను. గొట్టం లాంటి మిషన్లో పడుకోవాలి, నొప్పేమీ ఉండదు, చప్పుడు మాత్రం చేస్తుంది, ఒంటి మీద బంగారం తీసెయ్యాలి అని వివరంగా చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నది.

“చూసి ఏం చేస్తాడంట?” అంది.

“లోపల ఏముందో తెలుస్తుందమ్మా.”

“తెలిశాక?”

నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదంటే, డాక్టరు గారిని నేను ఆ ప్రశ్న అడగనే లేదు.

నిజానికి నాకు ఆ ప్రశ్న అడగాలంటే భయం. దానికి కారణం మా బాబాయి.

2011 సంగతి. బాబాయికి అప్పటికి నలభై రెండేళ్లు. కౌలుకు నాలుగెకరాలు చేసేవాడు. ఆయాసం ఉండేది. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు ఏళ్ల తరబడి మింగాడు. అవి స్టెరాయిడ్లని మాకెవరికీ తెలియదు. ఆ ఏడు గజ్జల్లో నొప్పి మొదలైంది, ఒక్కోసారి మోకాలి దాకా పాకేది. గుంటూరులో చూపించడానికి నేనే తోడు వెళ్లాను. ఎక్స్‌రే తీశారు. ఏమీ కనిపించలేదు. అయినా డాక్టరు గారు ‘తుంటికి ఎమ్మారై తీయిస్తే మంచిది’ అన్నారు. బాబాయి నా వంక చూశాడు. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఎక్స్‌రేలో ఏం లేదన్నారుగా బాబాయ్, తొందరేముంది? మినుము చేతికొచ్చాక చూద్దాంలే.”

మినుము చేతికొచ్చింది, అప్పులకు సరిపోయింది. ఏడాది తిరిగేసరికి బాబాయి కర్ర పట్టాడు. ఈసారి ఎక్స్‌రేలోనే కనిపించింది. తుంటి కీలులో బంతిలా ఉండే ఎముకకు రక్తం అందక, అది చచ్చిపోయి కుంగిపోయింది. దాన్ని ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకూ, తాగుడు ఎక్కువైనవాళ్లకూ వచ్చే ప్రమాదం ఉంది. మొదట్లో ఎక్స్‌రేకు దొరకదు, ఎమ్మారైకి దొరుకుతుంది. ఎముక కుంగక ముందే తెలిస్తే దానికి చిన్న రంధ్రం చేసి, లోపలి ఒత్తిడి తగ్గించి, కీలును కాపాడే ప్రయత్నం చేయవచ్చు. కుంగాక మిగిలేది కీలు మార్పిడే. రెండు గేదెలు అమ్మి, మరికొంత అప్పు చేసి, బాబాయి ఆపరేషన్ చేయించుకున్నాడు.

అందుకే చీటీ మీద ఎమ్మారై అన్న మాట చూడగానే నాకు మోకాలు కనిపించలేదు. గేదెలు కనిపించాయి.

అమ్మ ప్రశ్నకు జవాబు కోసం ఆ శనివారం సాయంత్రమే తెనాలిలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ఇంటి ముందు గదిలో చూస్తారు. చీటీ ఆయన ముందు పెట్టాను. చదివి పక్కన పెట్టి, “ఏమ్మా, ఆ తలుపు దాకా నడిచి రండి” అన్నారు. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నారు. మోకాళ్లు వంచి, చాపి, చిప్ప మీద చెయ్యి పెట్టి చూశారు. తుంటి కూడా తిప్పి చూశారు. చేతివేళ్ల కణుపులు నొక్కారు. వాపు లేదు. పడ్డారా? మోకాలు మధ్యలో బిగుసుకుపోయి కదలకుండా ఆగిపోతుందా? రాత్రి నిద్రలోంచి లేపే నొప్పా? జ్వరం, బరువు తగ్గడం? ఎప్పుడైనా స్టెరాయిడ్ మాత్రలు వాడారా? అన్నిటికీ లేదనే జవాబు.

నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా తెలియదట, ఒంటి బరువు మోకాళ్ల మీద పడితేనే తెలుస్తుందట. లోపలి వైపు సందు సన్నబడింది. మన ఊళ్లల్లో ‘గుజ్జు అరిగిపోయింది’ అంటామే, అదే. మరీ ముదరలేదు.

“మరి స్కానింగ్?” అన్నాను.

“తీయిస్తే చాలా కనిపిస్తాయమ్మా. మోకాలి లోపల దిండులా ఉండే మెనిస్కస్ చిరిగిందని రాస్తారు. అది చదివి మీకు నిద్ర పట్టదు. కానీ ఈ వయసులో అది నొప్పి లేని మోకాళ్లలో కూడా ఉంటుంది” అన్నారు.

తర్వాత నేను వెతికి చదివాను. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మంది మోకాళ్లకు ఎమ్మారై తీసి చూశారు. ఆ ఫలితాలు 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మెనిస్కస్ చిరిగినట్టు కనిపించినవాళ్లలో 61 శాతం మందికి అంతకు ముందు నెల రోజుల్లో మోకాలి నొప్పే లేదు. అంటే తలలో తెల్లవెంట్రుకలాగా, వెతికితే దొరికేదల్లా జబ్బు కాదన్నమాట.

నేనప్పుడు ఉండబట్టలేక బాబాయి కథంతా చెప్పేశాను. పెద్దాయన చివరిదాకా విన్నారు. బల్ల మీది కాగితం తీసి మధ్యలో గీత గీశారు.

“ఎప్పుడు స్కానింగ్ రాసినా ఇటు ఒకటి, అటు ఒకటి రాసుకోండి. ఏదైనా బయటపడితే ఏం చేస్తారు? బయటపడకపోతే ఏం చేస్తారు? మీ బాబాయి గారికి ఇటు ఆపరేషన్, అటు మాత్రలు. రెండూ వేరు. ఆయనకు స్కానింగ్ కావాలి. మీ అమ్మగారికి ఇటూ వ్యాయామమే, అటూ వ్యాయామమే. రేపెప్పుడో మోకాలు మార్చాల్సి వచ్చినా ఆ సంగతి ఈ ఎక్స్‌రే, ఆవిడ నడకే చెబుతాయి. మోకాలు బిగుసుకుపోయినా, ఉన్నట్టుండి వాచినా, నొప్పి తీరు మారినా అప్పుడు రండి, నేనే రాసిస్తాను.”

లెక్కల టీచర్ని కదా, నాకు వెంటనే ఎక్కింది. ఎక్స్ విలువ ఏదైనా జవాబు మారకపోతే, ఎక్స్ కనుక్కోవడానికి అంత కష్టపడటం దేనికి? ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్న మాటే.

అమ్మ అడిగిందీ అదే. ఐదో క్లాసుతో చదువు ఆపేసిన మనిషి.

మొదటి డాక్టరు గారు కమీషన్ కోసమే రాశారని నేననను. అలాంటి మాటలు లోకంలో వింటూనే ఉంటాం కానీ, ఆయన్ని అనుమానించడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. ఆయన గది బయట ఆ రోజు అరవై మంది ఉన్నారు. మనిషిని నడిపించి చూడటానికి పావుగంట పడుతుంది, చీటీ రాయడానికి అర నిమిషం చాలు. పైగా చీటీ రాయకపోతే ‘ఏం డాక్టరండీ, కనీసం స్కానింగ్ కూడా రాయలేదు’ అనేది కూడా మనమే.

ఆదివారం సెంటరుకు ఫోన్ చేసి పేరు కొట్టేయించాను. ఫోన్ పెట్టేశాక చెయ్యి కాసేపు వణికిన మాట నిజం. మళ్లీ తప్పు చేస్తున్నానా అని. అన్నయ్య అయితే కోప్పడ్డాడు. “డబ్బులకు చూసుకున్నావా?” అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. రెండు రోజులాగి, కాగితం మీద గీత గీసి, రెండు వైపులా రాసి, ఫొటో తీసి పంపాను. సాయంత్రం ఫోన్ చేసి, “సరే, ఏం కొనమన్నారు?” అన్నాడు.

డాక్టరు ఫీజు, ఎక్స్‌రేలు కలిపి వెయ్యి దాటలేదు. అన్నయ్య పంపిన డబ్బుతో ఊళ్లో మరుగుదొడ్డిలో కుర్చీలా కూర్చునే కమోడు పెట్టించాం. పక్కన గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ. మేస్త్రీ కూలితో కలిపి తొమ్మిది వేలు చిల్లర అయింది. కత్తిపీట అటకెక్కింది, కూరగాయలు బల్ల మీద చాకుతో తరుగుతోంది. మొదటి వారం వేలు కోసుకుని నన్ను తిట్టింది.

వ్యాయామాలు రెండే. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది లెక్కపెట్టాలి. కాలు చాపి, జానెడు ఎత్తు లేపి, పది లెక్కపెట్టి దించాలి. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. అమ్మకు ఇది వైద్యంలా అనిపించలేదు. “ఇదేం మందే? బిళ్లా లేదు, సూదీ లేదు” అని మూడు వారాలు సణిగింది. తర్వాత టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేయడం మొదలుపెట్టింది. ప్రకటనలకు మన దగ్గర కొదవ లేదు కాబట్టి లెక్క సరిపోతోంది.

ఎనిమిది నెలలైంది. నొప్పి పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మబ్బు పట్టిన రోజున ఇప్పటికీ మూలుగుతుంది. రామాలయం మెట్లు ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి, కడ్డీ పట్టుకుని ఎక్కుతుంది. కానీ ఎక్కుతుంది. అరుగు మీదికీ వెళుతుంది. ఊరు ఇంకా ఆవిడదే.

మొన్న సంక్రాంతికి బాబాయి వచ్చాడు. మార్చిన తుంటితో కాస్త పక్కకు ఒరిగి నడుస్తాడు, పొలం మాత్రం కౌలు మానేశాడు. అమ్మ మంచం మీద కాలు లేపి లెక్కపెడుతుంటే, “వదినా, కవాతు బాగుందే” అని నవ్వాడు. వసారాలో ఇద్దరమే ఉన్నప్పుడు, ఇన్నేళ్లుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

“బాబాయ్, ఆ రోజు ఆసుపత్రిలో నేనే కదా మినుము చేతికొచ్చాక చూద్దామన్నది?”

బాబాయి కాసేపు ఆలోచించాడు. “నువ్వన్నావా? నాకు గుర్తే లేదమ్మాయ్. ఆ ఏడు మినుముకు మంచి రేటు వస్తుందని నేనే ఆగా” అన్నాడు.

ఆ మాట నిజమో, నా కోసం అన్నాడో తెలియదు. నేను రెట్టించి అడగలేదు. లోపల మంచం మీద అమ్మ పది అని, ఆ కాలు దించి, రెండో కాలు ఎత్తింది.