చందమామ మొహం

మేలు చేసే మందే కీడూ చేస్తే ఏమి చేయాలో చెప్పేవారు తక్కువ. అందుకని నా అనుభవం నాలుగు మాటల్లో మన పాఠకుల ముందు ఉంచుతున్నాను.

నేను బరంపురంలో గుమాస్తాను. రెండేళ్ల క్రితం నా కాళ్లు, కనురెప్పలు వాచాయి. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయని, ఇది నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బని తేల్చి, డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు 60 మిల్లీగ్రాములు వ్రాశారు. కొద్ది వారాల్లో వాపు దిగింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం.

ఆపైన మందు తన ప్రతాపం చూపింది. రాత్రి రెండు గంటలకు మెలకువ, దానితోపాటే ఆకలి. వంటింట్లో గిన్నెల చప్పుడుకు మా ఆవిడ దొంగలనుకొని లేచేది. ఎన్నడూ లేని చక్కెర రక్తంలో కనబడింది. నేలమీద భోజనానికి కూర్చుంటే చేతులు ఆన్చనిదే లేవలేకపోయేవాణ్ణి. మొహం గుండ్రంగా ఉబ్బింది. ఆఫీసులో ఒడియా మిత్రులు "జహ్నమామూ ఆసిలే" అని నవ్వేవారు. మన చందమామే వారి జహ్నమామూ. నేనూ నవ్వేవాణ్ణి గాని, ఇంట్లో అద్దం చూడడం మానుకున్నాను.

ఇంతలో పెద్దమ్మాయి నిశ్చితార్థం దగ్గరపడింది. మా బావమరిది, "బావగారూ, ఈ మొహంతో వియ్యాలవారి ముందు ఎలా కూర్చుంటారు? పదిరోజులు ఆ మాత్ర ఆపెయ్యండి" అన్నాడు. నా మనసూ అటే లాగింది. అయినా ముందు డాక్టరుగారిని అడిగాను.

ఆయన చెప్పినదిది. మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి ప్రతిరోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. ఆ పని నెలల తరబడి మాత్రే చేస్తుంటే గ్రంథులు నిద్రపోతాయి. తాత్కాలిక గుమాస్తా ఫైళ్లన్నీ చూస్తుంటే పాతవాడు దీర్ఘ సెలవు పెట్టినట్టన్నమాట. తాత్కాలికుణ్ణి ఒక్కరోజులో తీసేస్తే కచేరీ మూతపడుతుంది. వాంతులు, నీరసం, రక్తపుపోటు పడిపోవడం, చివరకు ప్రాణాపాయం. జబ్బు తిరగబెట్టే భయం సరేసరి.

నిశ్చితార్థానికి ఆ మొహంతోనే కూర్చున్నాను. వియ్యంకుడుగారు అడిగితే ఉన్నమాట చెప్పాను. ఆయన తమ అక్కగారు ఉబ్బసానికి ఇదే మాత్ర వేసుకున్నారని చెప్పి, నా చేయి పట్టుకున్నారు.

ఈ జాతి మందు కొత్తదేమీ కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతపు రోగికి మొదట కార్టిసోన్ ఇచ్చారు. 1950లో ఆ పరిశోధనకు హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. దాని చేటు కూడా వైద్యులకు ఆనాటినుంచీ తెలిసినదే.

డాక్టరుగారు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ నెలల మీద మాన్పించారు. నేను ఒక గీతల పుస్తకంలో తేదీ, మోతాదు, బరువు, రక్తపుపోటు, చక్కెర, నిద్ర రోజూ వ్రాసి చూపేవాణ్ణి. మాత్ర ఉదయం ఫలహారం తరువాతే. ఉప్పు, తీపి తగ్గించాను. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. కళ్లు పరీక్ష చేయించారు. "స్టెరాయిడ్ వాడుతున్నాను" అన్న చీటీ జేబులో ఎప్పుడూ ఉండేది. ప్రమాదం జరిగినా, ఆపరేషన్ అవసరమైనా వైద్యులకు అది ముందు తెలియాలి.

మొహం, చక్కెర దారికి వచ్చాయి. తొడల్లో బలం రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

సోదర సోదరీమణులారా, ఈ మందు బాధపెడితే డాక్టరుతో ఒకటికి పదిసార్లు చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. పేరూ చీటీ లేని పొడులను నమ్మి దీన్ని వదలకండి. అటువంటి కొన్ని పొడుల్లో చెప్పకుండా కలిపేదీ స్టెరాయిడే.