స్పిండిల్‌కు ముందు జాగ్రత్తలు

మా కోయంబత్తూరు ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం గానీ చదవలేని పిల్లలే ఎక్కువ. మనవరాలికి చెక్కతో అక్షరాలు చేసివ్వాలని చిన్న సి.ఎన్.సి. యంత్రం కూర్చాను.

స్పిండిల్ 800 వాట్లది, గాలితో చల్లబడేది ఎంచుకున్నాను. నీటి పంపు, గొట్టాల బెడద ఉండదు. దీన్ని నేరుగా ఇంటి కరెంటుకు కలపకూడదు, మధ్యలో వి.ఎఫ్.డి. ఉండాలి. అది సింగిల్ ఫేజును మూడు ఫేజులు చేసి, 400 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 24,000 చుట్లు తిప్పుతుంది. బేస్ ఫ్రీక్వెన్సీ 50లోనే ఉంటే, తక్కువ వేగంలోనే పూర్తి వోల్టేజి అంది వైండింగు కాలిపోతుంది. అందుకే స్పిండిల్ తిప్పకముందే 400 చేశాను. షీల్డు కేబులు వేసి, స్పిండిల్ ఒంటికి ఎర్త్ ఇచ్చాను. ఎదురు తిరిగితే కరెంటు ఆపి, రెండు ఫేజు తీగలు మారిస్తే సరి.

అచ్చులన్నీ అయ్యాయి. ఇక హల్లులు.